అడవి అంచు కథలు – 9: పబ్లిక్ అంటే ఎవరు?



ఈ మధ్య ఖమ్మం నుంచి డిగ్రీ చదివే పిల్లలు పదకొండు మంది వస్తే, వాళ్లను వెంటబెట్టుకొని కిన్నెరసాని పోయాను. కొత్తగూడెం దాటి, పాల్వంచ దాటి, అక్కడి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు లోపలికి పోతే డ్యాం వస్తుంది. మీలో చాలామంది స్కూలు రోజుల్లో టూరు బస్సులో వెళ్లే ఉంటారు. గుట్టల మధ్య నీళ్లు, నీళ్ల మధ్య చిన్న చిన్న దీవులు, పడవ షికారు, నీళ్లలో మొసళ్లు. పక్కనే జింకల పార్కు. దారి పొడుగునా టేకు చెట్లు, కత్తిరించి సాపు చేసిన పొదలు, సిమెంటు బెంచీలు. చుట్టూ ఉన్నది అభయారణ్యం. 1977లో ప్రకటించారు, 635 చదరపు కిలోమీటర్లు. ఒక పక్క చదును చేసిన తోట, దాని వెనక మనిషి చెయ్యి పడనట్టు కనబడే అడవి. రెంటికీ కలిపి ఒకటే గేటు, ఒకటే టికెట్.

నీళ్లు ఇక్కడ ఎందుకు నిలబెట్టారో పిల్లలకు చెప్పాను. పాల్వంచ థర్మల్ కేంద్రం కోసం. ఆ కేంద్రంలో స్థానికులకు ఉద్యోగాలు ఇవ్వలేదన్న గొడవే 1969 తెలంగాణ ఉద్యమానికి నిప్పు రవ్వ. జనవరిలో ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చుంటే ఆ మంట హైదరాబాదు దాకా పోయింది. కిన్నెరసాని అనగానే మన తెలుగు మాస్టార్లకు గుర్తొచ్చేది మాత్రం విశ్వనాథ సత్యనారాయణ గారి పాటలే. ఆయన నదిని అత్తింటి పోరు పడలేక నీరైపోయిన కోడలిగా చూశారు. చూడనివ్వండి. నాకు ఆ నది ఒడ్డున తునికాకు కోసే ఆడవాళ్లు కనబడతారు. ఎవరి కళ్లు వాళ్లవి.

ఆ రోజు ఒక పిల్లవాడు గేటు దగ్గర బోర్డు చూసి అడిగాడు: "అన్నా, ఇది పబ్లిక్ పార్కా, అడవా?"

మంచి ప్రశ్న. అప్పుడు నోటికొచ్చిన జవాబేదో చెప్పాను కానీ, అది రెండు మూడు ముక్కల్లో తేలేది కాదు. అందుకే ఈ భాగం.

ముందు చట్టం సంగతి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరు అడుగుపెట్టవచ్చో చెబుతుంది. డ్యూటీ మీద ఉన్న ప్రభుత్వ ఉద్యోగి పోవచ్చు. లోపల నివసించడానికి అనుమతి ఉన్నవాడు పోవచ్చు. లోపల స్థిరాస్తి మీద హక్కు ఉన్నవాడు పోవచ్చు. పబ్లిక్ రోడ్డు మీద దాటిపోయేవాడు పోవచ్చు. వీళ్ల మీద ఆధారపడ్డ కుటుంబ సభ్యులు పోవచ్చు. మిగతావాళ్లకు పర్మిట్ కావాలి. ఏ పనులకు పర్మిట్ ఇవ్వవచ్చో 28వ సెక్షన్ వరుసగా చెప్పింది: వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోలు, శాస్త్ర పరిశోధన, టూరిజం, లోపల ఉండేవాళ్లతో చట్టబద్ధమైన లావాదేవీ.

ఈ రెండు సెక్షన్లనూ పక్కపక్కన పెట్టి చదవండి. ఫొటో తీసుకునేవాడికి పేరు పెట్టి దారి చూపించారు. టూరిస్టుకు పేరు పెట్టి దారి చూపించారు. కట్టెలకు పోయే మనిషి పేరు ఆ వరుసలో లేదు. ఇక స్థిరాస్తి ఉన్నవాడు అన్న మాట దగ్గర ఆగండి. ఈ అడవి అంచు ఊళ్లలో మాల, మాదిగ, నేతకాని ఇళ్లకు స్థిరాస్తి ఎక్కడిది? భూమి లేకుండా చేసిందే మన కులం. ఆ భూమి లేదు గనకనే కూలికి, ఆకుకు, కట్టెకు అడవికి పోయాం. చట్టం వచ్చి, భూమి ఉంటే లోపలికి రా అంది. కులం పేరు ఎక్కడా రాయలేదు. రాయాల్సిన పని కూడా లేదు.

అందుకే ఆ పిల్లవాడికి నేనిచ్చే జవాబు ఇది: మనం టికెట్ కొన్నప్పుడు అది పబ్లిక్ పార్కు. మన అమ్మమ్మ గంప పట్టుకొని వచ్చినప్పుడు అది అడవి.

ఈ తేడా ఈ దేశంలో, ఈ కిన్నెరసాని దగ్గర పుట్టింది కాదు. పార్కు అన్న మాటకు ఇంగ్లండులో మొదట ఉన్న అర్థమే కంచె వేసిన వేటస్థలం. రాజు అనుమతితో దొర ఒక అడవి ముక్కకు కంచె కట్టి లోపల జింకలను పెంచుకుంటే అది పార్కు. 1079 ప్రాంతంలో విలియం రాజు న్యూ ఫారెస్ట్‌ను తన వేట కోసం పక్కకు పెట్టుకున్నాడు. అక్కడి జనం కట్టెలకు, మేతకు కొట్లాడి కొట్లాడి 1217లో అడవి హక్కుల పత్రం ఒకటి రాయించుకున్నారు. మాగ్నా కార్టా అందరికీ తెలుసు, దాని పక్కన పుట్టిన ఈ అడవి పత్రం సంగతి మన పాఠాల్లో ఉండదు. ఊరి జనం డబ్బుతో, ఊరి జనం కోసం కట్టిన పార్కు అన్నది చాలా ఆలస్యంగా, 1847లో లివర్‌పూల్ పక్కన బర్కెన్‌హెడ్‌లో వచ్చింది. దాన్ని చూసిపోయిన ఓమ్‌స్టెడ్ అనే ఆయనే ఇంకొకాయనతో కలిసి న్యూయార్కులో సెంట్రల్ పార్కుకు నక్షా గీశాడు. అందులో అడవిలా కనబడే భాగాన్ని కూడా మనుషులే నాటారు. వరుస చెట్ల మధ్య తిన్నగా గీసిన నడక దారి ఇంకో పక్క. ప్రపంచంలో పార్కులన్నిటికీ అదే పాఠ్యపుస్తకం.

సెంట్రల్ పార్కు కింద ఒక ఊరు ఉంది. దాని పేరు సెనెకా విలేజ్. 1825లో నల్లజాతి మనుషులు ఒక్కొక్క ముక్క కొనుక్కొని కట్టుకున్న ఊరు. చర్చీలు, బడి, శ్మశానాలు ఉండేవి. 1855 నాటికి సుమారు 225 మంది. అప్పట్లో న్యూయార్కులో నల్లవాడికి ఓటు కావాలంటే 250 డాలర్ల ఆస్తి చూపించాలి, తెల్లవాడికి ఆ షరతు లేదు. 1845లో ఆ నగరం మొత్తంలో ఓటుకు అర్హులైన నల్లవాళ్లు ఒక వంద మంది అయితే, అందులో పదిమంది ఈ చిన్న ఊరివాళ్లే. అంటే అక్కడ భూమి అంటే ఉత్త భూమి కాదు, పౌరసత్వం. పార్కు కావాలని పత్రికలు రాసినప్పుడు ఆ ఊరిని గుడిసెలన్నారు, అక్కడి మనుషులను ఆక్రమణదారులన్నారు. పట్టాలు ఉన్నవాళ్లను! ఎంతో కొంత పరిహారం విదిలించి 1857 కల్లా ఊరు ఖాళీ చేయించారు. ఆ పైన గడ్డి పరిచారు. నూట యాభై ఏళ్ల తరవాత, 2011లో, పురావస్తు శాస్త్రవేత్తలు అక్కడ తవ్వితే ఇనుప టీ కెటిల్ ఒకటి, చిన్నపిల్ల చెప్పు అడుగు ఒకటి దొరికాయి.

1913 నుంచి 1916 దాకా బాబాసాహెబ్ చదువుకున్న కొలంబియా విశ్వవిద్యాలయం ఆ ఊరు ఉన్న చోటికి సుమారు ముప్పై వీధుల దూరం. ఆయనకు ఆ ఊరి కథ ఎవరైనా చెప్పారో లేదో మనకు తెలియదు. అప్పటికి ఆ నగరమే దాన్ని మరిచిపోయింది.

ఇటు మన రాజధానికి రండి. నాంపల్లిలో అసెంబ్లీ పక్కన ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌ను పాతవాళ్లు బాగే ఆమ్ అంటారు. 1846 నాటి తోట అని చెబుతారు. బాగ్ అంటే తోట, ఆమ్ అంటే సామాన్యం, అందరిదీ. దివానే ఆమ్‌లో ఉన్న ఆమ్ అదే. పేరు ఎంత బాగుందో చూడండి: సామాన్యుల తోట. దాంట్లోనే 1913 నాటి జూబ్లీ హాలు, తరవాత అసెంబ్లీగా మారిన పాత టౌన్ హాలు, 1930లో పెట్టిన రాష్ట్ర మ్యూజియం. జంతువులను నెహ్రూ జూ పార్కుకు తరలించేదాకా జూ కూడా అక్కడే. పులి నుంచి నవాబు కత్తి దాకా ఆ తోటలో అన్నిటికీ చోటు దొరికింది.

1930 అన్న సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. మళ్లీ దానితో పని ఉంది.

ఆమ్, పబ్లిక్, సార్వజనికం. పేరు ఏ భాషలో పెట్టినా, పేరు పెట్టినంత మాత్రాన తలుపు తెరుచుకోదని మనకు నేర్పింది మహద్. 1923లో బొంబాయి శాసనమండలిలో బోలే తీర్మానం వచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, బడులు, దవాఖానాలు అంటరానివాళ్లకు తెరవాలని. మరుసటి ఏడు మహద్ మునిసిపాలిటీ చౌదార్ చెరువు అందరిదీ అని తీర్మానం కూడా చేసింది. కాగితం మీద చెరువు మనదైంది. ఒక్కరు కూడా చెయ్యి ముంచలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ నడిచి వెళ్లి నీళ్లు తాగారు, ఆ రోజే మనవాళ్ల తలలు పగిలాయి. కోర్టులో చివరి తీర్పు రావడానికి 1937 దాకా పట్టింది. ఆ పదేళ్ల పోరాటం వెనక ఉందని తెలిసి రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం చదివితే ఒళ్లు జలదరిస్తుంది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ఆ తరవాత రాజ్య నిధులతో నడిచే, జనం చేరుకునే చోట్లు. పార్కు అంటే అదే. ఈ రోజు మన పిల్లలు టికెట్ కొనుక్కొని జింకల పార్కు బెంచీ మీద కూర్చున్నారంటే ఆ కూర్చోవడం వెనక మహద్ చెరువు ఉంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. మా తాతకు ఊరి చావిడి అరుగు మీద కూర్చునే హక్కు లేదు.

కానీ 15వ అధికరణం మనల్ని సందర్శకులుగా లోపలికి పంపింది. హక్కుదారులుగా పోవడానికి ఇంకో తలుపు ఉంది. దాని దగ్గరే ఇప్పుడు మన పని.

అసలు మనకూ అడవికీ సంబంధం ఏముందని అడిగేవాళ్లు మనలోనే ఉన్నారు. అడవి అంటే ఆదివాసులు, ఊరంటే దళితులు అని పాఠాలు రాసేవాళ్లు గీత గీసేశారు. లంద గురించి తెలిసినవాడెవడూ ఆ మాట అనడు. తోలు ఊనాలంటే తంగేడు చెక్క కావాలి, కరక్కాయ కావాలి. రెండూ అడవివే. మోట బొక్కెన, చెప్పు, డప్పు, ఎద్దు మెడ పట్టెడ, ఊరి వ్యవసాయం మొత్తం నడిచిన తోలు అడవి చెక్కలో నానిందే. పైగా డప్పుకు ఇంకో పని ఉండేది. దొరలకు, అధికారులకు వేట సరదా పుడితే డప్పులు కొడుతూ మృగాలను తుపాకీ ముందుకు తరమడానికి వెట్టి మనుషులు కావాలి. వేట ఫొటోల్లో చచ్చిన పులి ఉంటుంది, కాలు పెట్టి నిలబడ్డ దొర ఉంటాడు. డప్పు కొట్టినవాడు ఫొటోలో ఉండడు.

ఇక తునికాకు. ఎండాకాలం వచ్చిందంటే చీకటితో లేచి అడవికి పోయి, ఎండ ముదిరేలోపు తిరిగొచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట కట్టి కల్లానికి మోయడం. కోయ ఆడవాళ్లూ మన ఆడవాళ్లూ పక్కపక్కనే కోస్తారు. కల్లం దగ్గర కట్ట లెక్కలో కోత పెట్టేవాడికి ఇద్దరూ ఒకటే.

అడవి మీద ప్రభుత్వం గుత్తాధిపత్యం వచ్చిన కథ మీకు కొంత తెలుసు కాబట్టి తొందరగా దాటుతాను. 1865, 1878, 1927 బ్రిటిష్ అటవీ చట్టాలు, 1882 మద్రాసు చట్టం, ఇటు నిజాం వైపు 1355 ఫసలీ చట్టం. మన దగ్గర గోదావరే సరిహద్దు. ఇవతల ఖమ్మం, పాల్వంచ నిజాం రాజ్యం. అవతల భద్రాచలం 1874 నుంచి మద్రాసు వాళ్లది, 1959లో గానీ ఖమ్మం జిల్లాలో కలవలేదు. చెట్టుకు రెండు ప్రభుత్వాలు రెండు నంబర్లు వేశాయి. అడవి మీద ఆంక్షలకు, కల్లు పన్నుకు ఎదురుతిరిగి 1879లో రంప లేచింది. 1922లో మన్యం మళ్లీ లేచింది. ఆ చరిత్ర ఆదివాసులది, దాన్ని మనది అని లాక్కోవాల్సిన పని లేదు. మన బాధ వేరు, మన సాక్ష్యం వేరు.

ఆ తిరుగుబాట్ల వారసత్వంగానే 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఇది బాగా చదవండి. 2005 డిసెంబర్ 13 నాటికి అటవీ భూమి సాగులో ఉన్న ఆదివాసికి నాలుగు హెక్టార్లకు మించకుండా హక్కు ఇస్తారు. ఆదివాసి కాని పేదలను, అంటే మనల్ని, ఇతర సంప్రదాయ అటవీ నివాసులు అన్నారు. మనకూ హక్కు ఉంది. కానీ అదే తేదీకి ముందు మూడు తరాలుగా అడవిని నమ్ముకొని అక్కడ ఉన్నామని చూపించాలి. తరం అంటే 25 ఏళ్లు అని చట్టమే లెక్క కట్టింది. మూడు తరాలు 75. 2005 నుంచి 75 తీసేయండి.

1930.

2023 జూన్ చివర మన రాష్ట్రంలో లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచారు. ఆదివాసులకు అందిన ప్రతి ఎకరం వాళ్ల రక్తం, అది ఇంకా ఎక్కువే అందాలి. దళితుల దరఖాస్తులు మాత్రం చాలా చోట్ల ఈ 1930 గోడకు కొట్టుకొని ఆగిపోయాయి.

1930లో ఏముందో చూద్దాం. హైదరాబాదులో సామాన్యుల తోటలో పాత వస్తువులు భద్రపరచడానికి నిజాం మ్యూజియం తెరిచాడు. జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. రాజ్యానికి ఆ ఏడాది రాతి విగ్రహాలను, రాగి శాసనాలను జాగ్రత్త చేయాలన్న తెలివి ఉంది. వెట్టిచాకిరిలో ఉన్న మాదిగ ఏ ఊళ్లో, ఏ గుడిసెలో, ఏ అడవి పక్కన ఉన్నాడో రాసి పెట్టాలన్న అవసరం ఎవరికీ లేదు. ఊరి రాత పటేల్ పట్వారీల చేతిలో ఉంది. భూమి ఉన్నవాడి పేరు ఎక్కుతుంది, లేనివాడు అందులో గాలి. తెలంగాణలో భూమి తగాదాలకు అందరూ పట్టుకొచ్చే ఖాస్రా పహాణీ 1954–55 నాటిది. అంటే మన దగ్గర సాధారణంగా దొరికే పాత కాగితం కన్నా పాతిక సంవత్సరాలు వెనక్కి పోయి రుజువు తెమ్మంటున్నారు. భూమి, చదువు, రాత మూడూ లేకుండా చేసినవాళ్లనే రాతపూర్వకంగా నిరూపించుకోమనడం.

అభయారణ్యం అంచున ఒక ఊళ్లో డెబ్బై దాటిన ఒక పెద్దమ్మను పిల్లలు ఇదే అడిగారు, మీ దగ్గర పాత కాయితం ఏమన్నా ఉందా అని. ఆమె తునికాకు కట్టలు ఎండకు తిప్పుతూ అంది: "ఏం కాయితం బిడ్డా? మా అత్త ఈడనే సచ్చిపోయింది. ఆమె అత్త గూడ ఈడనే. ఆ చింతచెట్టు కింద ఇద్దర్నీ బొందవెట్టినం. రమ్మను సూపిస్త." ఒక పిల్లవాడు నవ్వాపుకోలేక, "అన్నా, ఆ పార్కుల జింకలకన్నా కాయితం ఉంటదేమో" అన్నాడు. నవ్వాం గానీ ఎవరికీ నవ్వు రాలేదు.

అయితే మిత్రులారా, ఆ పెద్దమ్మ చెప్పింది చట్టం ప్రకారం సాక్ష్యం. ఉత్త మాట కాదు. అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం తీసి చూడండి. ప్రభుత్వ రికార్డులు, గజెటియర్లు, జనాభా లెక్కలు, సర్వే పటాలు అన్నవి ఎలాగూ ఉన్నాయి. వాటితో పాటు ఊరి పాతదనాన్ని చూపించే బావులు, శ్మశానాలు, పూజా స్థలాలు ఉన్నాయి. ఇళ్లు, గట్లు, చదును చేసిన భూమి ఉన్నాయి. వంశవృక్షం ఉంది. దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పిన వాంగ్మూలాన్ని రాసి ఇస్తే అదీ సాక్ష్యమే. 2012లో చేసిన సవరణ ఇంకో మాట చేర్చింది: ఫలానా కాగితమే తెమ్మని కమిటీలు పట్టుబట్టకూడదు, ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి, 75 ఏళ్లు చూపించాల్సింది అక్కడి నివాసం, అడవి మీద ఆధారం. ఇప్పుడు అడుగుతున్న ఆ ముక్క 75 ఏళ్లుగా సాగులో ఉందని కాదు. ఆఫీసుల్లో ఈ రెంటినీ కలిపేసి తిప్పి పంపుతారు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. తిరస్కరణ కాగితం చేతికి తీసుకోకుండా ఎవరూ వెనక్కి రావద్దు. అప్పీలుకు అదే మొదటి మెట్టు.

సెనెకా విలేజ్‌లో టీ కెటిల్ దొరికితే అది చరిత్ర అయింది. చింతచెట్టు కింద రెండు బొందలు కూడా చరిత్రే. మనం రాయాలి, అంతే తేడా.

ఎక్కడ వెతకాలో నాకు తెలిసినంతలో చెబుతాను. నిజాం వైపు ఊళ్లలో మనవాళ్లకు నీరడి, శేత్‌సిందీ వంటి ఊరి చాకిరీ కింద ఇనాం చెక్కలు ఉండేవి. భూమిలేనివాడి పేరు పాత రాతలో ఎక్కితే గిక్కితే ఆ ఇనాం రికార్డుల్లో ఎక్కుతుంది. చాకిరీ చేసినందుకు ఎక్కిన పేరు, ఇప్పుడు హక్కుకు పనికొస్తే కాదనుకోవడం దేనికి? గోదావరి అవతలి ఊళ్లకు హెమింగ్‌వే రాసిన 1907 నాటి గోదావరి జిల్లా గజెటియర్ ఉంది. 1860ల్లో దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు పనిచేశారు. అలాంటి పాత చర్చీల బాప్తిస్మం రిజిస్టర్లలో తండ్రి పేరు, ఊరి పేరు, తేదీ ఉంటాయి. పట్వారీ రాయని పేరు పాదిరి రాసి ఉండవచ్చు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, ముందే చెబుతున్నాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల అదే రిజిస్టరు ఎస్సీ కుల ధ్రువపత్రానికి ఎసరు పెట్టగలదు. అటవీ హక్కుకు ఇతర సంప్రదాయ నివాసి అయితే చాలు, ఎస్సీ కావాల్సిన పని లేదు. అందుకని ఏ కాగితం ఏ ఆఫీసులో పెట్టాలో ఆ ఇంటివాళ్లతో కూర్చుని ఆలోచించకుండా తొందరపడి ఎవరూ జిరాక్సులు పంచవద్దు.

వంశవృక్షం సంగతి. మనకు డక్కలివాళ్లు ఉన్నారు. జాంబపురాణం చెబుతూ మాదిగ ఇళ్ల గోత్రాలు, తాత ముత్తాతల పేర్లు వల్లించేవాళ్లు. కోయల దగ్గర డోలీలు పడిగె విప్పి గట్ల కథలు చెబుతారు. వీళ్లను కళాకారులని వేదికలెక్కించి శాలువా కప్పి పంపేస్తున్నాం. వాళ్ల నోట్లో ఉన్నది రెవెన్యూ రికార్డు. డక్కలి వచ్చిన రోజు ఫోన్లో రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాసి, గ్రామసభలో పెట్టండి.

ఒక్క మాట ఆదివాసీ మిత్రులకూ. దళితులు అటవీ హక్కు అడిగితే అది మీ వాటాకు చెయ్యి పెట్టడం కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1/70 నిలబడాల్సిందే. పాత పలుకుబడితో, దొంగ కాగితాలతో వందల ఎకరాలు పట్టినవాడూ, రెండెకరాల పోడు దున్నుకునే మాదిగ ఆడమనిషీ ఇద్దరూ గిరిజనేతరులే అని ఒక్క గాటన కట్టేస్తే లాభపడేది మొదటివాడే. గ్రామసభలో మన సాక్ష్యం మీద సంతకం పెట్టేది కోయ పెద్దమనుషులే, అది మరిచిపోవద్దు. ఆ ఊళ్లో పెద్దమ్మ అత్తను బొందవెట్టిన రోజు గుంత తవ్వడానికి వచ్చిందెవరో ఆమె చెప్పింది. ఇద్దరు కోయవాళ్లు, ఒక లంబాడీ.

ఇక పని. వచ్చే తునికాకు సీజన్‌లోపు అంచు ఊళ్లలో డెబ్బై దాటినవాళ్ల మాటలు రాయాలి. విద్యార్థులు ఇద్దరిద్దరు చొప్పున పోండి. పెద్దవాళ్లను ఏ సంవత్సరం అని అడగకండి, చెప్పలేరు. రజాకార్ల కాలానికి నీకెంత వయసు, పెళ్లయిందా, పెద్ద కరువు ఎప్పుడు, గోదావరి ఊళ్లోకి వచ్చిన ఏడాది ఎవరెవరు ఉన్నారు, మీ అత్త ఏ ఊరి నుంచి వచ్చింది, ఎక్కడ బొందవెట్టారు అని అడగండి. సంవత్సరం మనం కట్టుకోవచ్చు. ఆమె మాట ఆమె యాసలోనే రాయండి, దిద్దకండి. చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. బొందల దగ్గర, పాత బావి దగ్గర ఆమెను నిలబెట్టి ఫొటో తీయండి.

ఇంకొకటి జాగ్రత్త. దరఖాస్తు పెట్టినామె సొంత మాట ఆమె దరఖాస్తుకు పెద్దల వాంగ్మూలంగా చెల్లదు. పక్కింటామె చెప్పాలి. పక్కింటామె దరఖాస్తుకు ఈమె చెప్పాలి. కాబట్టి ఒక్క ఇంటికే పోయి రాకండి, వాడ మొత్తం కూర్చోబెట్టి రాయండి.

పేర్లు ఇవ్వదలచినవాళ్లు కింద రాయండి. పదో భాగం దుమ్ముగూడెం మీద.